కోట, ప్రాకారం, బురుజు, కంచె: ఏ గోడని ఏమనాలి?

కోటల మీద ఏ వీడియో చూసినా, ఏ టూరిజం బోర్డు చదివినా తిప్పి తిప్పి నాలుగే మాటలు, కోట, ప్రాకారం, బురుజు, కందకం, అవి కూడా ఏది ఎక్కడ పడితే అక్కడ. ఫొటోలో కనపడేది మట్టికట్ట, కింద రాసేది "ఎత్తైన ప్రాకారాలు". కెమెరా చూపించేది గవని (కోట పెద్దవాకిలి), గొంతు చెప్పేది బురుజు గురించి. చివర్లో "శత్రుదుర్భేద్యమైన" అని ఒక విశేషణం తగిలిస్తే పని అయిపోయినట్టే. నాకిక్కడ భాషాశుద్ధి గొడవేం లేదు, మాట సంస్కృతం నించి వచ్చినా పారశీకం నించి వచ్చినా మనం వాడుకుంటే మనదే. గొడవల్లా ఇవి పర్యాయపదాలు కాకపోవడమే. ఎవర్ని ఆపాలి, ఎంతసేపు ఆపాలి, ఆగినవాణ్ణి ఎక్కణ్ణించి కొట్టాలి అనే లెక్కని బట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు పడింది, ఆ లెక్క తెలిస్తే మాటలు వాటంతటవే విడిపోతాయి.

ముందు "కోట" దగ్గరే పెద్ద చిక్కుంది. ఈ మాటకి రెండు వాడకాలు. ఒకటి మొత్తానికి, అంటే గోడలు, లోపల నగరు, గుళ్ళు, బావులు, సైన్యం అన్నీ కలిపి "గోల్కొండ కోట" అన్నట్టు. రెండోది కేవలం ఒక వరస గోడకి, అంటే చుట్టూ తిరిగొచ్చి కలిసే ఒక వలయానికి. రాతికోట, మట్టికోట, కంపకోట అన్నప్పుడు ఆ రెండో అర్థమే. ఓరుగల్లుకి ఏడు కోటలుండేవని పాత కథల్లో చెప్తే ఊళ్ళో ఏడు వేర్వేరు కోటలున్నాయని కాదు, ఒకదాని లోపల ఒకటిగా ఏడు వరసలున్నాయని. ఇది తెలియక ఏడింటినీ వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు ఉంటారు, పాపం. కంపకోట అయితే గోడ కూడా కాదు, ముళ్ళకంప పేర్చిన వరస, అయినా దాన్నీ కోటే అన్నారు ఎందుకంటే అది కూడా చుట్టూ తిరిగొస్తుంది, ఆపుతుంది.

ఓరుగల్లే తీసుకుందాం, ఈ మాటల్లో సగం అక్కడ నేల మీదే కనపడతాయి కాబట్టి. గణపతిదేవుడి (1199–1262) కాలంలో మొదలైన గోడల పని రుద్రమదేవి కాలంలో పూర్తయింది. లోపల రాతికోట, దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసమున్న గుండ్రటి వలయం, పెద్ద పెద్ద రాళ్ళని సున్నం లేకుండానే ఒకదానిమీద ఒకటి కూర్చి కట్టింది, బయటికి పొడుచుకొచ్చిన 45 బురుజులు, చుట్టూ నీళ్ళున్న అగడ్త. దాని బయట దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, దానికీ ఒక అగడ్త. ఇంకా బయట దాదాపు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో మరో మట్టికట్ట, అది పొలాల్నీ చెరువుల్నీ కూడా లోపలికి తీసుకునేంత పెద్దది.

మట్టి అనగానే మనకి లోకువ. రాయి కొనలేకపోయినవాడు మట్టితో పెట్టుకున్నాడేమో అనుకుంటాం. 1310లో ఢిల్లీ సుల్తాను సైన్యం మాలిక్ కాఫూర్ వెంట వచ్చి ఓరుగల్లుని ముట్టడించినప్పటి సంగతి అమీర్ ఖుస్రో రాసిపెట్టాడు, ఆ మట్టిగోడలో ఉక్కు బల్లెం దిగదని, యంత్రంతో విసిరిన రాయి దానికి తగిలితే పిల్లలాడుకునే కాయలాగా ఎగిరి వెనక్కొస్తుందని. కవి కదా, కాస్త కలిపే ఉంటాడు, కానీ అందులో నిజముంది. రాయి పెళుసు, గట్టి దెబ్బకి పగులుతుంది, ఒక రాయి ఊడితే పక్క రాయికి కూడా పట్టు పోతుంది. బాగా తొక్కి గట్టిపరిచిన మట్టి ఆ దెబ్బని తనలోకి తీసేసుకుంటుంది, కాస్త సొట్ట పడుతుంది అంతే. అందుకే రాతికోట లోపల, మట్టికోట బయట. చివరికి ఆ ముట్టడిలో మట్టికోట పడిపోయింది, లోపలి రాతికోట ఇంకా నిలబడి ఉండగానే ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ధనం ఇచ్చి పంపించాడు. అంటే రెండు వరసలుండటం వల్ల రాజుకి మిగిలింది బేరమాడుకునే టైము. కోటగోడ అసలు అమ్మే సరుకు అదే, టైము. శాశ్వతంగా ఆపే గోడంటూ ఏదీ లేదు, 1323లో మళ్ళీ వచ్చినప్పుడు ఓరుగల్లు మొత్తంగా పడిపోయింది.

ఇప్పుడు "ప్రాకారం". దీన్ని మనం అందంగా వినిపించే "గోడ" లాగా వాడేస్తున్నాం. అర్థశాస్త్రంలో దుర్గం ఎలా కట్టాలో చెప్పినచోట చూస్తే ఇది చాలా కచ్చితమైన మాట. మొదట మూడు పరిఖలు, అంటే చుట్టూ గోతులు తవ్వమంటాడు కౌటిల్యుడు, 14, 12, 10 దండాల వెడల్పుతో (ఒక దండం ఇంచుమించు ఆరడుగులు). ఆ తవ్విన మట్టినే లోపలివైపు కట్టగా పోసి, ఏనుగులతో ఎడ్లతో తొక్కించి, పైన ముళ్ళపొదలు, విషపు తీగలు పెంచమంటాడు. ఆ మట్టికట్ట పేరు వప్రం. ఆ వప్రం మీద లేపే గోడ ప్రాకారం. దాన్ని చెక్కతో మాత్రం కట్టొద్దని గట్టిగా చెప్తాడు, చెక్కలో నిప్పు కాచుకుని కూర్చుంటుందని. కింద కట్ట, పైన గోడ, రెండు వేర్వేరు వస్తువులు, రెండు వేర్వేరు పేర్లు. వప్రం అనే మాట మనకి కావ్యాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు, దాని పనిని ఇప్పుడు "కట్ట" అనే మాట మోస్తోంది, అందుకే మట్టిది కనపడితే కట్ట అనండి, మట్టికోట అనండి, ప్రాకారం అనకండి.

ప్రాకారానికి ఇంకో లక్షణం కూడా ఉంది. మనుస్మృతిలో ఒక శ్లోకం, ప్రాకారం మీద నిలబడ్డ విలుకాడు ఒక్కడు నూరుమందితో యుద్ధం చేస్తాడని, నూరుమంది ఉంటే పదివేలమందితో చేస్తారని. అంటే ప్రాకారం మీద మనిషి నిలబడగలగాలి, నడవగలగాలి, ముందు దాక్కోడానికి పళ్ళు పళ్ళుగా ఒక పిట్టగోడ ఉండాలి. అవును, డాబా మీద బట్టలారేసుకునేటప్పుడు ఆనుకుని నిలబడే పిట్టగోడే, కోటలో దాని పని బాణాల్నించి ఛాతీ కాపాడటం. మనిషి ఎక్కడానికి చోటు లేని గోడ ఎంత ఎత్తున్నా అది ప్రహరీయే, దాని పని హద్దు చూపించడం, దొంగని కాస్త కష్టపెట్టడం. అయితే గుడికొచ్చేసరికి ఈ లెక్కంతా మారిపోయింది. శ్రీరంగానికి ఏడు ప్రాకారాలు అన్నప్పుడు ఎవరూ విల్లు పట్టుకుని నిలబడరు, అక్కడ ప్రాకారం అంటే గోడతో పాటు ఆ గోడల మధ్య ఉండే ఆవరణ, వీధి కూడా. యుద్ధం మాట గుళ్ళోకొచ్చి అలా స్థిరపడిపోయింది, ఇప్పుడు జనం నోట్లో ప్రాకారం అంటే ఎక్కువగా గుడిదే.

గోతి దగ్గర మనకి మూడు మాటలున్నాయి, పరిఖ, అగడ్త, కందకం. పరిఖ సంస్కృతం, చుట్టూ తవ్వింది అని. అగడ్త ద్రావిడం, తమిళంలో "అగళ్" అంటే తవ్వడం. కందకం పారశీకం నించి అరబ్బీలో "ఖందఖ్" అయి మనదాకా వచ్చింది, దాని మూలానికీ తవ్వింది అనే అర్థం. మూడు భాషలవాళ్ళు గోతిని చూసి పెట్టిన పేర్లు ఒకటే, నీళ్ళ సంగతి ఏ పేరులోనూ లేదు. వాడకంలో మాత్రం తేడా వచ్చింది: అగడ్త అంటే నీళ్ళుంటాయని, మొసళ్ళుంటాయని మనకి కథల్నించి పట్టుకుంది, కందకం ఎండిపోయినదైనా కందకమే. 627లో మదీనాకి ఉత్తరంవైపు తవ్వింది అలాంటి పొడి గొయ్యే, ఆ యుద్ధం పేరే ఖందఖ్ యుద్ధం, గుర్రపు దళం దాన్ని దూకలేక ఆగిపోయింది. నీళ్ళు లేకపోయినా పనిచేస్తుందంటే గొయ్యి అసలు పని ఏంటి మరి? నిచ్చెన వేసే చోటు లేకుండా చెయ్యడం, ఏనుగునీ గోడ పగలగొట్టే యంత్రాన్నీ గోడ దాకా రానివ్వకపోవడం, గోడకింద సొరంగం తవ్వేవాడికి అడ్డు తగలడం. ముట్టడించే సైన్యం చేసే మొదటి పని ఎప్పుడూ గోడ మీద పడటం కాదు, గొయ్యి పూడ్చడం. అది పూడ్చాకే లగ్గ పట్టడం, అంటే నిచ్చెనలేసి గోడెక్కడం. "కోటకి లగ్గ పట్టారు" అనే పాత మాట ఇప్పుడు ఎవరికీ తెలియట్లేదు, అందరం "దాడి చేశారు" దగ్గర ఆగిపోయాం.

దుర్గం అనే మాటలో అసలు గోడే లేదు. వెళ్ళడానికి కష్టమైంది, అంతే దానర్థం. అందుకే గిరిదుర్గం, జలదుర్గం, వనదుర్గం అని కొండనీ నీళ్ళనీ అడవినీ పట్టి రకాలు చెప్పారు, మనుస్మృతి ఆరు రకాలు లెక్కపెట్టి అందులో మనుషులే కాపలాగా ఉండే నృదుర్గాన్ని కూడా కలిపి, చివరికి గిరిదుర్గానికే మార్కులేసింది. దుర్గమం వేరు, దుర్భేద్యం వేరు అని కూడా ఇక్కడే తెలుస్తుంది. చేరడానికి కష్టమైంది దుర్గమం, బద్దలుకొట్టడానికి కష్టమైంది దుర్భేద్యం. కొండ మీద సన్నటి గోడున్న కోట దుర్గమమే కానీ దుర్భేద్యం కాకపోవచ్చు. మైదానంలో మట్టికోటకి సరిగ్గా దీనికి తిరగబడిన పరిస్థితి.

మన దగ్గర దీనికి ఇంకా మంచి మాటుంది, పెట్టని కోట. ఎవరూ పెట్టకుండానే దొరికిన కోట అని. హిమాలయాలు మన దేశానికి పెట్టని కోట అని చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో అందరం బట్టీ పట్టినదే. గండికోట దగ్గర పెన్నా నది కోసిన నిలువు లోయ ఉన్నవైపు మనుషులు కట్టాల్సింది పెద్దగా ఏం లేదు, శ్రమంతా మిగతా వైపులే. చైనా గోడ సంగతి ఇంకా తమాషా. 2009లో మింగ్ కాలపు గోడ పొడవు దాదాపు 8,850 కిలోమీటర్లని సర్వేలో తేల్చారు, అందులో కట్టిన గోడ 6,259 కిలోమీటర్లు, తవ్విన కందకాలు 359, మిగతా 2,232 కిలోమీటర్లు కొండలు, నదులు. అంటే నాలుగో వంతు పెట్టని కోటే! "మహాకుడ్యం" అని పాఠాల్లో రాస్తే ఒకటే గోడ చివరిదాకా వెళ్ళినట్టు అనిపిస్తుంది కదా, కుడ్యం అనేది నిజానికి ఇంటిగోడకి నప్పే మాట, కుడ్యచిత్రంలో ఉన్న కుడ్యం.

ఇక బురుజు. అరబ్బీ "బుర్జ్" మనదైపోయింది, అంతకుముందు కొత్తళం అనేవాళ్ళు, కొత్తడం అని కూడా. బురుజు ఎందుకుండాలంటే, తిన్నటి గోడ మీద నిలబడ్డవాడికి తన కాళ్ళ కింద, గోడ మొదట్లో ఉన్న శత్రువు కనపడడు, చూడాలంటే వొంగాలి, వొంగితే బాణం తగుల్తుంది. గోడని అక్కడక్కడ బయటికి ఉబ్బించి కడితే ఆ ఉబ్బులో నిలబడి పక్కనున్న గోడ పొడవునా కొట్టొచ్చు. బురుజు కాపాడేది తనని కాదు, పక్క గోడని. రెండు బురుజుల మధ్య దూరం బాణం వెళ్ళేంత మించకూడదు అనేది ఇందుకే.

ఫిరంగులొచ్చాక ఇదంతా తలకిందులైంది. కాన్‌స్టాంటినోపుల్‌కి (ఇప్పటి ఇస్తాంబుల్) ఐదో శతాబ్దంలో కట్టిన గోడలుండేవి, ముందు కందకం, తర్వాత పొట్టి గోడ, దాని వెనక పొడుగు గోడ, వెయ్యేళ్ళకి పైగా ఎంతమందొచ్చినా ఆపాయి. 1453లో తురుష్కుల పెద్ద ఫిరంగులు ఆ గోడల్ని కొట్టి కొట్టి పడేశాయి. ఎత్తుగా ఉండటం ఫిరంగికి మంచి గురి అయిపోయింది, దాంతో యూరప్‌లో గోడలు పొట్టిగా లావుగా అయ్యాయి, వెనక మట్టి పోశారు (మళ్ళీ మట్టే!), గుండ్రటి బురుజుల బదులు బాణపు ములుకుల్లాంటి కోణాల బురుజులొచ్చాయి, ఎందుకంటే గుండ్రటి బురుజు ముక్కు ముందు పక్క బురుజుల గుండ్లకి అందని ఒక చిన్న చోటు మిగిలిపోతుంది, కోణం పెడితే అది మిగలదు. మనం రెండింటినీ బురుజే అంటాం, అనొచ్చు కూడా, కానీ గుండ్రటిదా కోణపుదా అని ఒక్క ముక్క చేర్చి రాస్తే ఆ కోట ఫిరంగులకి ముందుదా తర్వాతదా అనే సంగతి చదివేవాడికి చాలావరకు అందిపోతుంది. గోల్కొండ బయటి గోడకి 87 బురుజులు, వాటిలో పెట్లా బుర్జ్ అంటే బొజ్జ బురుజు అని, ఫిరంగుల కోసం కట్టినది. తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య ఒంటరిగా నిలబడి ఉండే బురుజు ఉంది చూడండి, దానికి పక్కన గోడే లేదు. అది కాపలా మంచె, దోపిడీగాళ్ళొస్తే ఎక్కి దాక్కునే చోటు. పేరొకటే, పని పూర్తిగా వేరు.

ఎంత గోడ కట్టినా మనవాళ్ళు తిరగడానికి దాంట్లో ఒక కంత పెట్టాలి, గోడకి బలహీనమైన చోటు అదే. కోట పెద్దవాకిలి గవని. ఓరుగల్లు రాతికోటలో గవని గుండా తిన్నగా వెళ్ళలేరు, బయట ఇంకో ఆవరణ కట్టి దారిని లంబకోణంలో పక్కకి తిప్పారు, ఏనుగు పరిగెత్తుకొచ్చి తలుపుని ఢీకొట్టడానికి చోటు లేకుండా. గోల్కొండలో బాలాహిస్సార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ నిలబెట్టి అదే పని చేయించారు. అది చూసి చాలామంది "ఇక్కడ గోడెందుకు కట్టారో" అనుకుంటారు, దానికి సరైన మాట అడ్డుగోడ, ఇప్పుడు ఇళ్ళల్లోనూ, కులాల మధ్య అడ్డుగోడలు అనే ఉపన్యాసాల్లోనూ వినపడే అదే మాట. పెద్ద తలుపు తెరవకుండా ఒక మనిషి వంగి దూరేంత చిన్న తలుపు దిడ్డి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా గోల్కొండ గోడ పగల్లేదు, లోపలివాడొకడు లంచం తిని రాత్రిపూట ఒక దిడ్డి తీశాడు, అయిపోయింది. అందుకే "కోట బద్దలైంది" అని గోల్కొండ గురించి రాస్తే తప్పు, కోట పట్టుబడింది.

క్రియల్లో మనం చేసే గందరగోళం నామవాచకాల కంటే ఎక్కువ అసలు. మట్టిదైతే కోట పెడతారు (పెట్టని కోటలో ఉన్నది ఆ పెట్టడమే), రాతిదైతే కడతారు, అగడ్త తవ్వుతారు, కంచె వేస్తారు, దడి కడతారు. పాడవడంలోనూ అంతే. కట్టకి గండి పడుతుంది, రాతిగోడ బీటలువారుతుంది, తలుపు బద్దలవుతుంది, దొంగ కన్నం వేస్తాడు. రాతిగోడకి గండి కొట్టారంటే ఫిరంగితో ఒక పెద్ద వరసంతా కూల్చి దారి చేశారని, కన్నం వేశారంటే ఒక్కడు దూరాడని.

కంచె, దడి, వెలుగు ఇవి మనుషుల్ని చంపడానికి కాదు, పశువుల్ని ఆపడానికి పుట్టిన మాటలు. వెలుగు అంటే ముళ్ళకంప వేసిన చేని అంచు, చాలా చోట్ల ఈ అర్థం మరుగున పడిపోయి కాంతి ఒక్కటే మిగిలింది. దడి పుల్లలు, ఆకులు అల్లి కట్టేది, చూపుని ఆపుతుంది, బలాన్ని ఆపదు. కంచె వీటన్నిటికంటే ముందుకెళ్ళింది, చేను దాటి దేశం సరిహద్దు దాకా. కంచె గుండా అవతల కనపడుతుంది, తూటా కూడా వెళ్తుంది, కాబట్టి అది సైన్యాన్ని ఆపేది కాదు, దాటేవాణ్ణి ఆలస్యం చేసి కాపలావాడి కంట్లో పడేసేది. పక్కన కాపలా లేని కంచె ఉత్త గీతే. బ్రిటన్‌లో రోమన్లు 122లో మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ 117 కిలోమీటర్ల రాతిగోడే అయినా చేసిన పని ఎక్కువగా కంచె పనే, రోమన్ మైలుకి ఒకటి చొప్పున చిన్న కోట, దానికొక తలుపు, ఎవరొస్తున్నారు ఎవరు వెళ్తున్నారు అని చూసుకోవడానికి. ఆపడమే ఉద్దేశమైతే అన్ని తలుపులెందుకు పెడతారు.

ఇక్కడ్నించి వ్యవహారం రాజకీయం అవుతుంది. 1961 ఆగస్టులో తూర్పు జర్మనీ బెర్లిన్‌లో మొదట వేసింది ముళ్ళకంచె, తర్వాత అది కాంక్రీటు గోడైంది. దానికి వాళ్ళు అధికారికంగా పెట్టుకున్న పేరుకి అర్థం "ఫాసిస్టు వ్యతిరేక రక్షణ ప్రాకారం". పశ్చిమం వాళ్ళు "సిగ్గుగోడ" అన్నారు. ఎవరి మాట నిజమో తేల్చుకోవాలంటే వస్తువునే చూడాలి. అడ్డంకులు, కాపలా బురుజులు, కాల్చడానికి వీలుగా ఖాళీగా ఉంచిన నేల అన్నీ ఉన్నది తూర్పువైపు, అంటే బయటి శత్రువు కోసం కాదు, లోపలివాడు పారిపోకుండా. ప్రాకారం అయితే పిట్టగోడ బయటికి చూడాలి. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టినదాన్ని వాళ్ళు భద్రతా కంచె అంటారు, పాలస్తీనీయులు జాతివివక్ష గోడ అంటారు. పొడవులో ఎక్కువ భాగం కంచె, కందకం, రోడ్డు కలిసినదే, ఊళ్ళ దగ్గర ఎనిమిది మీటర్ల ఎత్తు వరకు కాంక్రీటు గోడ. 2004 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం తన అభిప్రాయంలో "గోడ" అనే మాటే వాడింది, ఐక్యరాజ్యసమితి సాధారణ సభ వాడింది అదే కాబట్టి, కేవలం ఆకారాన్ని బట్టి చూస్తే కంచె అన్నా ఇంకోటన్నా అంతకంటే కచ్చితమేం కాదని కూడా చెప్పింది. తెలుగు వార్తల్లో ఇలాంటివి అనువదించేటప్పుడు ఒక పక్షం మాటని మన మాటగా రాసేస్తున్నాం, ఎవరన్నారో చెప్పి రాస్తే సరిపోతుంది కదా.

బ్యారికేడ్‌ది వేరే దారి. 1588లో పారిస్ జనం మట్టి, రాళ్ళు నింపిన పీపాల్ని వీధుల్లో దొర్లించి రాజు సైన్యాన్ని ఆపారు, ఫ్రెంచిలో పీపా పేరు మీదే ఈ మాట పుట్టింది. జనం ప్రభుత్వం మీద పెట్టిన అడ్డంకి పేరు ఇప్పుడు పోలీసులు జనం ముందు పెట్టే ఇనప చట్రాలకి స్థిరపడింది. దీనికి తెలుగు చెయ్యాలని తంటాలు పడక్కర్లేదు, తాత్కాలికం, జరపడానికి వీలైంది, అనే రెండూ ఆ మాటలోనే ఉన్నాయి, "అడ్డుగోడ" అంటే ఆ రెండూ పోతాయి.

ఎలక్షన్లప్పుడు కంచుకోటలు ఎలాగూ తప్పవు. "కంచుకోటకి బీటలు" అని హెడ్డింగ్ పెడతారు, కంచు పగిలితే అలా నెమ్మదిగా బీటలువారదు, ఒక్కసారే ఖంగున పోతుంది, కానీ అది ఎవరికి పట్టింది. నాకు అంతకంటే నవ్వొచ్చేది ఫైర్‌వాల్‌ని "అగ్నికుడ్యం" అని రాయడం. ఇళ్ళ మధ్య మంటలు పాకకుండా కట్టే గోడకి ఆ పేరుండేది, అక్కణ్ణించి కంప్యూటర్లలోకి వచ్చింది. కంప్యూటర్లో అది చేసేది గోడ పని అసలు కాదు, వచ్చే ప్రతి ముక్కనీ ఎక్కణ్ణించి వచ్చావు, ఎక్కడికెళ్తున్నావు అని అడిగి లోపలికి వదలడమో వెనక్కి పంపడమో చెయ్యడం, మనవైపు అవసరమైతే ఒక చిన్న పోర్టు మాత్రం తెరిచి పెట్టడం. కోట భాషలో చెప్పాలంటే అది గవని, ఆ పోర్టు దిడ్డి. అనువదించే పట్టుదల ఉన్నవాళ్ళు అటు చూడొచ్చు, లేనివాళ్ళు ఫైర్‌వాల్ అనే రాసుకోండి, అగ్నికుడ్యం మాత్రం వద్దు.